మునిగిన ఊళ్ల లెక్క ఎక్కడుంది సార్? ప్రాజెక్టుల అధికారులకు ఒక లైన్‌మన్ బహిరంగ లేఖ

ఉత్తర తెలంగాణ ప్రాజెక్టుల పనులు చూసే నీటిపారుదల, విద్యుత్తు, రెవెన్యూ అధికారులకు,

నమస్కారం.

నేను కరెంటు లైన్‌మన్‌గా 37 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉండేది హనుమకొండలో. పుట్టింది మాత్రం గోదావరి ఒడ్డున, ఇప్పుడు పోచంపాడు (శ్రీరాంసాగర్) ప్రాజెక్టు నీళ్ల కింద ఉన్న ఒక ఊళ్లో. నెహ్రూ గారు 1963 జూలై 26న ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. నేను పుట్టిందీ ఆ ఏడాదే. "నువ్వూ డ్యామూ ఒక ఈడోళ్లురా" అని మా బాపు నవ్వేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఎడ్లబండి మీద సామాను వేసుకుని ఊరు వదిలాం. బాపు ఆ మాట అనడం తర్వాత మానేశాడు.

ఈ లేఖ మొదట దరఖాస్తుగా మీ దగ్గరికే వచ్చింది. మా ఊరి భూసేకరణ అవార్డు (ఎవరి భూమికి ఎంత పరిహారమో రాసిన ఉత్తర్వు) కాపీ, 1954-55 కాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రెవెన్యూ రికార్డు) నకలు ఇప్పించమని అడిగాను. మొదటిసారి జవాబే లేదు. రెండోసారి ప్రజావాణిలో ఇస్తే రసీదు ఇచ్చారు. మూడోసారి సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఒక్క లైను వచ్చింది: "సదరు రికార్డు ఈ కార్యాలయములో లభ్యము కాలేదు." ఏ ఆఫీసో ఇక్కడ రాయను. సంతకం పెట్టిన పిల్లాడి మీద కోపం కూడా లేదు. అతను పుట్టకముందే మూట కట్టి అటకెక్కించిన ఫైలు అది. దరఖాస్తు ఎవరూ చదవలేదు కాబట్టి ఇప్పుడు నలుగురూ చదివేట్టు రాస్తున్నాను.

ఇంత పాత కాగితం ఇప్పుడెందుకు అంటారేమో. మా తమ్ముడు ఇంకా పునరావాస కాలనీలోనే ఉన్నాడు. బిడ్డ చదువుకు ఇల్లు పెట్టి లోన్ తీసుకుందామని బ్యాంకుకు పోయాడు. ఇంటి నంబరు ఉంది, ఇంటిపన్ను రసీదులున్నాయి, కరెంటు మీటరుంది. ఆ సర్వీసు వైరు నేనే లాగాను. జాగా పట్టా మాత్రం లేదు. ప్రాజెక్టు వాళ్లు చూపించిన చోట ఇల్లు కట్టుకుని యాభై ఏళ్లు దాటింది, కాగితంలో అది ఇంకా సర్కారు భూమే. మేనేజరు మర్యాదగానే అడిగాడట: "మీది ముంపు కుటుంబం అనడానికి రుజువేమైనా ఉందా?" రుజువు ఒడ్డు నుంచి ఒడ్డు దాకా నిండుగా ఉంది సార్. దాన్ని జిరాక్స్ తీసేదెట్లా అన్నదే మా తమ్ముడికి తెలియలేదు.

విచిత్రమేంటంటే, ఈ ప్రాజెక్టుల గురించి మన దగ్గర లెక్కలకు కొదవ లేదు. నిజాంసాగర్ సంగతి తీసుకోండి. మంజీరా మీద 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేశారు. కట్టిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు జూలై 11ని తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నాం, జరుపుకోవాల్సిందే. అక్కడి పవర్‌హౌస్ 10 మెగావాట్లు. అదే మంజీరా మీద ఎగువన సింగూరు, 15 మెగావాట్లు. పోచంపాడులో కాకతీయ కాలువ తలదగ్గర 9 మెగావాట్ల మెషీన్లు నాలుగు, అంటే 36. మూడు చోట్లా కలిపితే 61 మెగావాట్లు.

డ్యామ్ నిండితే కరెంటు వస్తుందని చాలామంది అనుకుంటారు. నేనూ చిన్నప్పుడు అట్లాగే అనుకున్నాను. పోచంపాడులో కాలువకు నీళ్లు వదిలితేనే టర్బైన్ తిరుగుతుంది. పొలానికి పోయే నీళ్లే దారిలో కాస్త కరెంటు ఇచ్చి పోతాయి, కాలువ బందైతే మెషీన్లూ బందు. ఆ కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. 146వ కిలోమీటరు దగ్గర కరీంనగర్ పక్కన దిగువ మానేరులో కలిసి, మళ్లీ బయల్దేరి వరంగల్ మీదుగా కిందికి పోతుంది. మా హనుమకొండ పక్క పొలాలకు ఆ నీళ్లు వచ్చిన రోజు గట్టు మీద నిలబడి చూస్తుంటాను. మా ఊరి మీదుగా వచ్చిన నీళ్లు కదా.

ఇంకో లెక్క చెప్పకుండా ఉండలేను. గోదావరిలో ఇంద్రావతి కలిసిన తర్వాత కొంచెం కిందుగా ఇచ్చంపల్లి దగ్గర 975 మెగావాట్ల ప్రాజెక్టు కట్టాలని పాత ప్లాను. మూడు రాష్ట్రాల అడవి, ఆదివాసీ ఊళ్లు మునుగుతాయని 1980ల్లో జనం అడ్డుకున్నారు. సంఘ సేవకుడు బాబా ఆమ్టే లాంటివారు వాళ్ల వెంట నిలబడ్డారు. అది కట్టలేదు. ఇప్పుడు కాళేశ్వరం ఎత్తిపోతల్లో రామడుగు దగ్గర భూమి కింద ఉన్న పంప్‌హౌస్ చూడండి. 139 మెగావాట్ల మోటార్లు ఏడు, మొత్తం 973 మెగావాట్లు. నది ఇస్తుందని ఒకప్పుడు ఆశపడ్డంత కరెంటును, అదే నదిని పైకి ఎత్తడానికి ఒక్క పంప్‌హౌస్ తాగుతుంది. పోచంపాడు, నిజాంసాగర్, సింగూరు మూడూ ఫుల్ లోడు మీద తిరిగినా అందులో ఒక్క మోటారుకు సగం కూడా చాలదు. ఐదు హెచ్‌పీ మోటార్ల ఫ్యూజులు వేస్తూ సర్వీసు చేసిన నాకు ఈ అంకె మొదటిసారి విన్నప్పుడు తల తిరిగింది.

ఇక బాబ్లీ. మహారాష్ట్ర మన పోచంపాడు జలాశయం వెనక నీళ్లలో బ్యారేజీ కట్టిందని గొడవైంది. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. తేదీతో సహా, చుక్కలతో సహా కాగితం మీద ఉంది. అంత ఓపిగ్గా నీళ్లను లెక్కపెట్టిన దేశంలో, ఆ నీళ్ల కింద ఏయే ఊళ్లున్నాయి, ఎన్ని గడపలు లేచిపోయాయి, ఎవరికి ఎన్ని గుంటలకు ఎంత ఇచ్చారు అని అడిగితే "లభ్యము కాలేదు" అంటున్నారు.

మన పాతవాళ్లు ఇట్లా లేరు. బయ్యారం చెరువు దగ్గర కాకతీయుల ఆడపడుచు మైలాంబ వేయించిన శాసనం ఉంది. చెరువు తవ్వించిన సంగతితో పాటు వంశం పేర్లన్నీ అందులో చెక్కించింది. కాకతీయుల చరిత్ర రాసినవాళ్లు ఇవాళ్టికీ ఆ రాయి దగ్గరికే పోతారు. అది చెక్కి సుమారు ఎనిమిది వందల ఏళ్లు. మా ఊరు మునిగి యాభై ఏళ్లే.

మా అవ్వ, అంటే మా అమ్మ గురించి కూడా కొంచెం చెప్పాలి. ఒక ఎండాకాలం జలాశయంలో నీళ్లు బాగా దిగిపోయాయని, ఊరు తేలిందని కబురొస్తే ఆమెను ఆటోలో తీసుకుపోయాను. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. బురద ఎండి పెంకుల్లాగా పగిలి ఉంది, నడుస్తుంటే చెప్పుల కింద పటపటమంటోంది. ఊరంటే ఏమీ లేదు. ఒక బావి గట్టు, గుడి అరుగు, వరుసగా గోడల పునాదులు. అవ్వ బావి దగ్గర నిలబడి కాసేపు దిక్కులు చూసుకుంది. తర్వాత అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. నీళ్ల బిందెతో వేలసార్లు నడిచిన దారి, కాళ్లకు గుర్తుంది. ఒకచోట ఆగి "ఇది మన దర్వాజ" అంది. కాలితో మట్టి జరిపితే గడపరాయి బయటపడింది. దాని కుడివైపు మూలలో చిన్న గుంత. "నువ్వు చింతగింజలు కొట్టుకునేటోనివి ఇక్కడ" అంది. నాకు గుర్తు లేదు. వేలు పెట్టి చూశాను, గుంత నున్నగా ఉంది. ఆమె ఏడవలేదు. వచ్చేటప్పుడు ఆటోలో ఒక్కటే అడిగింది: "మనకిచ్చిన పైసల కాగితం ఏడుందిరా?" అప్పుడు మొదలైంది ఈ దరఖాస్తుల తిరుగుడు. అవ్వ పోయి నాలుగేళ్లైంది, కాగితం ఇంకా దొరకలేదు.

ఇక మీ ఫైలులో పెట్టుకోవడానికి వీలుగా అంశాలవారీగా రాస్తాను.

1. మునిగిన ఊళ్ల జాబితా బయటపెట్టండి. నిజాంసాగర్ నుంచి పోచంపాడు, కడెం, సింగూరు, దిగువ మానేరు, మిడ్ మానేరు, ఎల్లంపల్లి, మల్లన్నసాగర్ దాకా ఒక్కో ప్రాజెక్టు కింద పూర్తిగా మునిగినవి ఏవి, సగం మునిగినవి ఏవి, సర్వే నంబర్లు, కదిలిన కుటుంబాలు, వాళ్లను ఎక్కడికి పంపారు, అన్నీ తెలుగులో ఉండాలి. ఆ ఊళ్ల పేర్లు డ్యామ్ దగ్గర రాతిమీద చెక్కించండి. శంకుస్థాపన ఫలకం ఉన్న చోటనే చాలు, వేరే మండపం అక్కర్లేదు. ఆదివారం సెల్ఫీలు దిగడానికి వచ్చే పిల్లలు గేట్లు ఎన్నో లెక్కపెడతారు, కింద ఊళ్లున్నాయని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

2. "లభ్యము కాలేదు" అన్నదాన్ని జవాబుగా చెల్లనివ్వకండి. ఒక ఆఫీసులో లేని నకలు ఇంకో చోట ఉండొచ్చు. భూసేకరణ రికార్డు, రెవెన్యూ రికార్డు, గెజిటు, కోర్టుకు పోయిన కేసుల కట్టలు, అన్నీ ఒకచోట పెట్టి చూస్తే సగం ఫైళ్లు మళ్లీ తయారవుతాయి. ఆ పని ముంపు కుటుంబం చేయలేదు. ఒక్కో నకలు కోసం మా తమ్ముడు కూలి పోగొట్టుకుని మూడు ఊళ్లు తిరిగాడు. పాత అవార్డులు, కాస్రా పహాణీలు స్కాన్ చేయించి, అడిగినవాళ్లకు ముప్పై రోజుల్లో ఫీజు లేకుండా ఇవ్వండి. మిడ్ మానేరు కింద అనుపురం, రుద్రవరం, కొదురుపాక, చీర్లవంచ, చింతల్‌ఠాణా మొన్నమొన్న కదిలిన ఊళ్లు. వాళ్ల కాగితాలు ఇంకా తడి ఆరలేదు, కనీసం అవైనా భద్రం చేయండి.

3. పాత పునరావాస కాలనీల ఇళ్ల జాగాలకు పట్టాలివ్వండి. అన్నిటికంటే అర్జెంటు ఇదే. పట్టా లేకపోతే ఏమవుతుందో ఆఫీసులో కూర్చుంటే కనిపించదు. అన్నదమ్ములు పంచుకోలేరు. తండ్రి పోతే కొడుకు పేరు మీదికి మారదు. ఇందిరమ్మ ఇల్లు కావాలంటే సొంత జాగా చూపించాలి, చూపించలేరు. బ్యాంకు ఇవ్వకపోతే నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తారు. మా కాలనీలో ఒకాయన అట్లా తెచ్చి, తీర్చలేక, ఇల్లు తెల్లకాగితం మీద రాసిచ్చి బొంబాయి పోయాడు. 1894 భూసేకరణ చట్టం కింద భూమి తీసుకున్న రోజుల్లో పరిహారమే తప్ప పునరావాసం అనే మాట ఆ చట్టంలో లేదు. 2013 భూసేకరణ చట్టం వచ్చాక కొత్తవాళ్లకు కొంత రక్షణ దొరికింది. పాతవాళ్లం మధ్యలో మిగిలిపోయాం. కొత్త భూమి రికార్డుల చట్టం భూభారతి కింద రికార్డులు సరిచేస్తున్నారు కాబట్టి, ఈ కాలనీలకు ఒక ప్రత్యేక సర్వే పెట్టండి.

4. జలవిద్యుత్తు అమ్మగా వచ్చిన ఆదాయంలో ఒక చిన్న వాటా ఈ కాలనీల వీధిదీపాలకు, తాగునీటికి కేటాయించండి. మా కాలనీకి స్తంభాలు వచ్చేసరికి నాకు మీసాలొచ్చాయి. రాత్రిపూట అరుగు మీద కూర్చుంటే దూరంగా డ్యామ్ మీద లైట్ల వరుస కనిపించేది. మేం కిరసనాయిలు దీపం వత్తి తగ్గించుకుని పడుకునేవాళ్లం. (సిరిసిల్ల వైపు 1970లోనే సహకార విద్యుత్ సంఘం పెట్టుకుని ఊళ్లకు కరెంటు తెచ్చుకున్నారు. మాకు ఆ తెలివి లేకపోయింది, చెప్పే నాయకుడూ లేకపోయాడు.) నేను ఈ ఉద్యోగంలో చేరడానికి ఆ లైట్ల వరుసే కారణం.

5. డ్యామ్‌ల ఆరోగ్యం గురించి ఏటా జూన్ కంటే ముందే దిగువ గ్రామ పంచాయతీలకు తెలుగులో చెప్పండి. పాత లెక్క రాసిపెట్టుకోకపోతే ఏమవుతుందో చూపించడానికి కడెం చాలు. 1958 ఆగస్టులో వరద కట్ట మీదుగా పొర్లి గండి పడింది. 2022 జూలైలో లోపలికి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. ఒక గేటు లేవలేదు, మిగతావన్నీ ఎత్తినా బయటికి పోయేది సుమారు మూడు లక్షలే. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. తెల్లారేదాకా రాష్ట్రమంతా టీవీల ముందు టెన్షన్‌తో కూర్చుంది. కట్ట నిలిచింది, దేవుడి దయ. మరుసటి ఏడు 2023 జూలైలో మళ్లీ పెద్ద వరద, మళ్లీ కొన్ని గేట్లు లేవలేదు. ఏడాది సమయం దొరికింది కదా, ఏం చేశారని కడెం కింద పొలాలవాళ్లు అడిగితే తప్పేముంది? మా శాఖలో ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకోకుండా స్తంభం ఎక్కితే ప్రాణం పోతుంది. అందుకని ఎల్సీ పుస్తకంలో టైము, సంతకం రాయకుండా ఎవరూ పైకి ఎక్కరు. గేట్లకు కూడా అట్లాంటి పుస్తకం ఉండాలి, అది ఊరివాళ్లు చూడగలగాలి. ఏ గేటు ఎప్పుడు ఎత్తి చూశారు, గ్రీజు ఎప్పుడు పెట్టారు, మోటారు పనిచేస్తోందా, జనరేటర్‌లో డీజిల్ ఉందా.

కాళేశ్వరంలోని మేడిగడ్డ బ్యారేజీ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2019 జూన్‌లో ప్రారంభించారు, 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. తప్పు ఎవరిదో తేల్చడానికి కమిషన్లు, కోర్టులు ఉన్నాయి, దాంట్లో తలదూర్చను. 2021లో డ్యామ్ సేఫ్టీ చట్టం వచ్చింది. వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయాలని, ప్రమాదమొస్తే ఏం చేయాలో ప్లాను రాసిపెట్టుకోవాలని అందులో ఉంది. ఆ తనిఖీ రిపోర్టులు, ఆ ప్లాను మా పంచాయతీ గోడకు అంటించండి. పూడిక లెక్క కూడా. పోచంపాడు కట్టినప్పుడు 112 టీఎంసీలు, 1994 సర్వేకి 90, ఇప్పుడు సుమారు 80. మూడోవంతుకు దగ్గరగా మట్టి నిండింది. మా పొలాలు పోయింది నీళ్ల కోసం కదా, మట్టి కోసం కాదు కదా.

6. ఇచ్చంపల్లి పేరు మళ్లీ వినబడుతోంది, ఈసారి కరెంటు కోసం కాకుండా కావేరికి నీళ్లు తీసుకుపోవడానికి. అక్కడ ఏం కట్టినా, ఎంత ఎత్తున కట్టినా, ముంపు మ్యాపు ముందు గ్రామసభలో పరచండి. ఏజెన్సీ ఊళ్ల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం ఉంది, 2013 చట్టంలో గ్రామసభ సమ్మతి ఉంది. కొలతరాయి పాతిన తర్వాత పెట్టే సభ సభ కాదు. మల్లన్నసాగర్ కింద వేములఘాట్ వాళ్లు ఎన్ని వందల రోజులు దీక్షలో కూర్చున్నారో మీకు గుర్తుండే ఉంటుంది.

ఇవన్నీ ఒక్కరోజులో అయ్యే పనులు కావని నాకూ తెలుసు. సర్కారీ నౌకరీ చేసినవాణ్ణే. స్తంభం శాంక్షన్ కావడానికి ఎన్ని టేబుళ్లు తిరగాలో తెలిసినవాణ్ణే. అందుకని మొదటి అడుగుగా ఒక్కటి అడుగుతున్నాను, దీనికి జీవో కూడా అక్కర్లేదు. వచ్చే ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు మా ఊరివాళ్లం ఒక పదిహేను మందిమి అక్కడికి పోతున్నాం. ఏ పునాది ఎవరి ఇంటిదో చెప్పగలిగిన ముసలివాళ్లు ఇంకా ఆరుగురు బతికి ఉన్నారు. ఒక సర్వేయర్‌ను పంపండి. వాళ్లు చూపిస్తారు, ఆయన కొలుచుకుని రాసుకుంటాడు. మధ్యాహ్నం భోజనం మేమే తెస్తాం. బావి గట్టు దగ్గర కలుస్తాం. ఏ రోజన్నది ఒక వారం ముందు చెబితే చాలు, ఆ ఆరుగురిలో ఇద్దరిని మోసుకుని రావాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైన్‌మన్,
హనుమకొండ